పులులు పెరిగాయి, అడవి పెరిగింది అంటున్నారు. మరి ప్రకృతి బాగుపడుతున్నట్టేనా?

మీరు అడిగింది ఇదీ: అడవి పెరిగిందని ఒక రిపోర్టు, పులులు పెరిగాయని మరొకటి, పక్షులు తగ్గిపోతున్నాయని ఇంకొకటి వస్తుంటే దేన్ని నమ్మాలి? దేశంలో జీవవైవిధ్యం మెరుగవుతోందో లేదో ఏ సూచిక చూసి తెలుసుకోవాలి?

నేను కొల్లేటికి దగ్గర్లో ఒక ఊళ్ళో జువాలజీ చెబుతాను. పదకొండేళ్ళుగా ప్రతి జనవరిలో నీటిపక్షుల లెక్కింపుకు వెళ్తున్నాను. ఆసియా దేశాల్లో 1987 నుంచి ఏటా జరుగుతున్న లెక్కింపు అది. మాతో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వాలంటీర్లే. ఒక అంకె ఎలా పుడుతుందో నాకు అక్కడే తెలిసింది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మీ మూడు రిపోర్టుల దగ్గరికి వస్తాను.

తెల్లవారుజామున గట్టెక్కేసరికి చెరువంతా మంచు కప్పేసి ఉంటుంది. అది విడిపోయేదాకా వినబడటమే తప్ప ఏమీ కనబడదు. వెలుగొచ్చాక టెలిస్కోపులో చూస్తే అవతలి ఒడ్డు వారన సూదితోక బాతులు చాప పరిచినట్టు ఉంటాయి. వాటిని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మనిషి వల్ల కాదు. ముందు కచ్చితంగా పది లెక్కపెట్టి, ఆ పదీ కంటికి ఎంత మేర కనబడుతున్నాయో గుర్తుపెట్టుకోవాలి. ఆ మేరతో కొలుచుకుంటూ ఇటు చివర నుంచి అటు చివరకు పోవాలి. సగంలో ఉండగా పైనుంచి ఒక గద్ద వెళ్ళిందంటే గుంపంతా లేచిపోతుంది, మళ్ళీ మొదటికి రావాల్సిందే. నేనూ, నాతో వచ్చే కుర్రాడూ విడివిడిగా లెక్కపెట్టి, ఒకరి కాగితం ఒకరం చూడకుండా రాసుకుని, ఆఖర్న పోల్చుకుంటాం. ఇద్దరి లెక్కకూ నూటికి పది, పదిహేను తేడా రావడం మామూలే.

ఒక ఏడాది మా చెరువులో బాతులు ముందటేటికి దాదాపు రెట్టింపు కనబడ్డాయి. నాకు పట్టలేని సంతోషం. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న బాబాయితో అదే చెప్పాను. ఆయన తలెత్తకుండానే, "పెరగటం ఎక్కడిది మేష్టారూ! ఈ ఏడు వానల్లేక చుట్టుపక్కల చెరువులన్నీ ఎండిపోయాయి. నీళ్ళున్నది ఇక్కడే. పిట్టలన్నీ వచ్చి ఇక్కడే పడ్డాయి" అన్నాడు. ఇంటికొచ్చి చుట్టూ ఉన్న నాలుగు చెరువుల లెక్కలు కూడితే, మొత్తం మీద ముందటేటికన్నా తక్కువే తేలింది. నా చెరువు అంకెలో పొరపాటు లేదు, దాన్ని నేను చదివిన తీరులో ఉంది.

ఆ రోజు నుంచీ ఏ సూచిక చూసినా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. పోయినసారి కూడా ఇదే పద్ధతిలో, ఇదే చోట లెక్కపెట్టారా? లెక్కపెట్టింది దేన్ని: ప్రాణమున్న జీవినా, దాని కోసం మనం చేశామంటున్న పనినా?

అడవుల రిపోర్టుకు ఈ ప్రశ్నలు వేసి చూద్దాం. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి రెండేళ్ళకోసారి ఉపగ్రహ చిత్రాలతో ఈ లెక్క తీస్తోంది. 2023 రిపోర్టులో అడవి, చెట్ల విస్తీర్ణం కలిపి 8,27,357 చదరపు కిలోమీటర్లు, దేశ భూభాగంలో 25.17 శాతం. అందులో అడవి అని రాసింది 7,15,343. ఇక్కడ అడవి అంటే ఏమిటో చూడండి: ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు, ఆపైన ఉన్న నేలలో పది శాతం మించి చెట్ల నీడ ఉంటే చాలు. భూమి ఎవరిదైనా ఫరవాలేదు, చెట్టు ఏదైనా ఫరవాలేదు. కోనసీమ కొబ్బరితోటా, శ్రీకాకుళం జీడితోటా, కాగితం మిల్లు కోసం వేసి కొన్నేళ్ళకు కొట్టేసే జామాయిల్ తోటా, నల్లమలా అన్నీ ఒకే కూడికలో చేరతాయి.

పద్ధతి మారితే ఏమవుతుందో కూడా ఈ రిపోర్టుల్లోనే కనబడుతుంది. 1999లో అడవి 6,37,293 చదరపు కిలోమీటర్లు, 2001లో 6,75,538. రెండేళ్ళలో 38 వేల చదరపు కిలోమీటర్లు ఎవరు పెంచారు? అంతకుముందు 25 హెక్టార్లకు తక్కువైన ముక్కలు మ్యాపులో పడేవి కావు. 2001లో ఆ హద్దును ఒక హెక్టారుకు దించారు, దేశమంతటికీ కంప్యూటర్‌తో లెక్కగట్టారు. కళ్ళజోడు మార్చుకుంటే దూరంగా ఉన్న చెట్లు కనబడినట్టన్నమాట. రిపోర్టు రాసినవాళ్ళు పద్ధతి మారిందన్న మాట దాచలేదు, లోపలి పేజీల్లో రాసే ఉంది. మనం శీర్షిక దగ్గరే ఆగిపోతాం. ఈ రిపోర్టు తెరిస్తే మొత్తం అంకె వదిలేసి, 70 శాతం పైగా నీడ ఉన్న దట్టమైన అడవి వరసను, 40 నుంచి 70 మధ్య వరసను, 10 నుంచి 40 మధ్య పలచటి అడవి వరసను విడిగా చూడండి. పెరుగుదల ఎక్కువగా ఏ వరసలో ఉందో చూస్తే సగం సంగతి అర్థమవుతుంది.

నాకు బాగా బాధ కలిగించేది గడ్డినేలల సంగతి. కర్నూలు, నంద్యాల ప్రాంతంలో బట్టమేక పిట్ట ఉండేది. మీటరు ఎత్తు పక్షి, చెట్టు లేని మైదానంలోనే గుడ్డు పెడుతుంది, అదీ ఏడాదికి మామూలుగా ఒకటే. దాని కోసమే 1988లో రోళ్ళపాడును అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడక్కడ ఏళ్ళ తరబడి అది కనబడటమే లేదు. దేశం మొత్తం మీద మిగిలినవి నూటయాభై ఉంటాయేమో, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. అలాంటి గడ్డినేల అడవుల లెక్కలో అడవి కిందికి రాదు. దాంట్లో వరసగా చెట్లు నాటారనుకోండి, రిపోర్టులో అంకె పెరుగుతుంది, పిట్టకు నిలువ నీడ పోతుంది. మైదానపు పక్షికి నిలువ నీడ అంటే బయలే మరి. సూచిక పైకి పోతూ జీవి కిందికి పోయే పరిస్థితి ఇది. ఒక్క అంకె పట్టుకుని దేశం పని తీరును తేల్చకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

పులుల సంగతికి వస్తే, అక్కడ మన దేశం నిజంగా మెచ్చుకోదగ్గ పని చేసింది. ఒకప్పుడు పాదముద్రలు గీసుకుని లెక్కపెట్టేవారు. 2002లో ఆ పద్ధతిలో 3,642 అన్నారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉండగానే అడవిలో ఒక్కటీ లేదని 2005లో బయటపడింది. దాంతో పద్ధతి మార్చి, కెమెరాలు పెట్టి, ప్రతి పులి చారల్నీ వేలిముద్రల్లా పోల్చి, గణితంతో అంచనా కట్టడం మొదలుపెట్టారు. 2006లో అంకె 1,411కు పడింది. తర్వాత నాలుగేళ్ళకోసారి 1,706, 2,226, 2,967, 2022 లెక్కలో సగటు అంచనా 3,682. కాబట్టి 3,642 నుంచి 3,682కు నలభై పులులు పెరిగాయని ఎవరైనా అంటే ఆ పోలిక చెల్లదు. 2006 తర్వాతి అంకెల్నే ఒకదాని పక్కన ఒకటి పెట్టాలి. అందులోనూ 1,411లో సుందర్‌బన్స్ కలవలేదు, 2010లో కలిసింది. ఇంత జాగ్రత్తగా చదివినా పులులు పెరిగిన మాట గట్టిగా నిలబడుతుంది. అయితే అది పులుల గురించీ, పులి ఉండే అడవుల గురించీ మాత్రమే చెబుతుంది. మా కొల్లేటి గురించి గానీ, రోళ్ళపాడు గురించి గానీ ఏమీ చెప్పదు.

పక్షుల రిపోర్టు వేరే దారిలో పుట్టింది. 2023లో వచ్చిన ఆ దేశవ్యాప్త రిపోర్టుకు 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన జాబితాలే ఆధారం. 942 జాతుల్ని పరిశీలించారు. అందులో 338 జాతులకు మాత్రమే దీర్ఘకాలపు ధోరణి చెప్పగలిగినంత సమాచారం దొరికింది. ఆ 338లో 204 తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 పెరిగాయి. వాళ్ళు పక్షుల సంఖ్య చెప్పరు, చూసినవన్నీ రాసిన వంద జాబితాల్లో ఎన్నింట ఆ పక్షి కనబడిందన్నది ఏళ్ళ వెంబడి పోల్చుతారు. ఇందులో ఇబ్బంది లేకపోలేదు. చూసేవాళ్ళు ఎక్కువగా నగరాల దగ్గరా, రోడ్ల పక్కనా ఉంటారు, ఆ వంకర సరిచేసుకోవాలి. అయినా ఇన్ని జాతుల గురించి ఇంత విస్తారంగా చెప్పే సూచిక మనకు ఇంకొకటి లేదు. బ్రిటన్‌లో పొలాల పక్షుల సూచికకు 1970 నుంచి వరస ఉంది. అక్కడ సగానికి పైగా పడిపోయిందని గట్టిగా చెప్పగలుగుతున్నారంటే, ఎంచుకున్న చోట్లకు ఏటా అదే తీరున వెళ్ళి లెక్క రాసే అలవాటు ఉండబట్టే.

రాయకపోతే ఏమవుతుందో రాబందులు చూపించాయి. 1990లలో అవి దేశమంతా కుప్పకూలాయి, కొన్ని జాతులు నూటికి తొంభై ఐదుకు మించి పోయాయి. ఆ పతనం ఎంతటిదో చెప్పగలిగామంటే భరత్‌పూర్ కెవలాదేవ్ పార్కులో 1980ల నుంచే గూళ్ళ లెక్క రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టి. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో నిషేధించారు. ఆ పాత నోటు పుస్తకాలే లేకపోతే ఇంకెన్నేళ్ళు పట్టేదో.

ఇక పనిని లెక్కపెట్టే సూచికలు. ఎన్ని కమిటీలు వేశాం, ఎంత నేలను రక్షిత ప్రాంతంగా ప్రకటించాం, ఎంత ఖర్చుపెట్టాం అనేవి. 2012లో హైదరాబాదులో జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు నేను పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వెళ్ళాను. ఆ పదేళ్ళకు 2022లో ప్రపంచ దేశాలు 23 లక్ష్యాలు పెట్టుకున్నాయి, 2030 నాటికి నేలలో, సముద్రంలో 30 శాతం చొప్పున కాపాడాలన్నది వాటిలో ఒకటి. మన దేశం కూడా 2024లో 23 జాతీయ లక్ష్యాలతో తన ప్రణాళిక సవరించుకుంది. దేశంలో రెండున్నర లక్షలకు పైగా స్థానిక జీవవైవిధ్య కమిటీలు ఉన్నాయి, ఒక్కోటీ తన ఊరి చెట్టూ చేమా, పిట్టా పురుగూ రిజిస్టరులో రాయాలి. ఆలోచన ఎంతో గొప్పది. కానీ నేను చేయి వేసిన ఒక రిజిస్టరు పనిలో మాకు పూర్తి చేయడానికి ఇచ్చిన గడువు రెండు వారాలు. పక్క ఊరి రిజిస్టరు తెచ్చి పేరు మార్చి రాసేయమన్నారు. మెట్ట ఊరి పుస్తకంలో సముద్రపు చేప పేరు ఎక్కింది. నేను ఒప్పుకోక కొన్ని పేజీలు తిరిగి రాశాను, మిగతావి అలాగే వెళ్ళిపోయాయి. పైన కూడే అంకెలో మాత్రం అదీ 'ఒకటి'గానే చేరింది. కమిటీల సంఖ్య చూసి జీవుల సంగతి ఊహించకూడదని ఆ రోజు కళ్ళారా చూశాను.

వన్యప్రాణులు తగ్గాయంటూ ప్రపంచ స్థాయిలో వినబడే '73 శాతం' గురించి కూడా ఒక మాట. 1970 నుంచి 2020 దాకా వన్యప్రాణుల్లో 73 శాతం చచ్చిపోయాయని దాని అర్థం కాదు. గమనిస్తున్న వేలాది గుంపుల్లో ఒక్కోటి ఎంత శాతం మారిందో తీసి, ఆ మార్పులకు కట్టిన సగటు అది. పది మిగిలిన గుంపు రెండుకు పడితే, పదివేలున్న గుంపు కాస్త పెరిగినా సరే, ఆ సగటు లోతుగా కిందికి పోతుంది.

ఇక మీ ప్రశ్నకు సూటి జవాబు. జీవుల లెక్కలు ముందు చూడండి: పక్షుల రిపోర్టు, పులుల లెక్క, జనవరి నీటిపక్షుల లెక్క. ఆ తర్వాత వాటి మీద ఒత్తిడి ఎలా మారుతోందో చూడండి, అంటే చెరువుల నీరు, పురుగుమందులు, గడ్డినేలల విస్తీర్ణం. కమిటీలూ ఖర్చులూ ఆఖర్న చూడండి. మూడూ ఒకే దిక్కు చూపిస్తే నమ్మకంగా మాట్లాడవచ్చు. మొదటిది కిందికీ, చివరిది పైకీ పోతుంటే ఎక్కడో కాగితం పని జరుగుతున్నట్టే.

మీరు ఎక్కడుంటారో రాయలేదు. తెలంగాణలో అయితే దసరా నాడు పాలపిట్టను చూసే అలవాటు ఉంటుంది కదా. రాష్ట్ర పక్షి అయిన ఆ పిట్ట 30 శాతానికి పైగా తగ్గిందని అదే 2023 రిపోర్టు లెక్కగట్టింది. ఈసారి పంజరంలో తెచ్చినదాన్ని చూడకండి, అలా పట్టడం నేరం కూడా. పొలాల్లోకి వెళ్ళండి. ఎక్కడికి వెళ్ళారో, ఎన్ని గంటలకు, ఎంతసేపు చూశారో, ఏయే పిట్టలు కనబడ్డాయో రాయండి. పాలపిట్ట కనబడకపోతే ఇంకో ఊరు పోయి వెతికి ఆ ఒక్కదాన్నే రాయకుండా, కనబడలేదనే జాబితా పెట్టండి. వచ్చే దసరాకు మళ్ళీ అదే గట్టు మీదికి, అదే వేళకు వెళ్ళండి.