పదేళ్లు దాటిన ఫర్నిచర్ అంతా మార్చేయాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: సోఫా, మంచం, పరుపు, వార్డ్‌రోబ్, డైనింగ్ టేబుల్ అన్నీ ఒకేసారి కొన్నారు, పదేళ్లు దాటింది. సోఫా కుంగింది, వార్డ్‌రోబ్ తలుపు ఒకటి వాలిపోయి సరిగా పడటం లేదు. మిగతావి పైకి బాగానే ఉన్నాయి. పదేళ్లు దాటితే ఏదైనా మార్చేయాల్సిందేనని ఎవరో చెప్పారు, అది నిజమేనా అని అడిగారు.

పరుపు విషయంలో దాదాపు నిజమే. మిగతావాటికి ఆ లెక్క పనికిరాదు.

మా బావగారు పాత ఫర్నిచర్ బాగుచేసే పని చేస్తారు. ఆయన షెడ్డులో నేను చాలాకాలం అడపాదడపా చేతిసాయం చేశాను. ఆ తర్వాత నా సామాన్లు వేసుకుని అద్దె ఇళ్లు కూడా బాగానే మారాను. అక్కడా ఇక్కడా చూసింది ఒకటే. ఏ వస్తువూ మొత్తంగా ఒకేసారి పాడవదు. సోఫాలో గుడ్డ ఒకప్పుడు పోతుంది, ఫోము ఇంకొకప్పుడు, కింది బెల్టులు మరొకప్పుడు. లోపలి ఫ్రేము మంచిదైతే వీటన్నిటినీ రెండు మూడుసార్లు మార్చినా అది నిలబడే ఉంటుంది. అందుకే ఎన్నేళ్లయిందని లెక్కపెట్టే బదులు ఏది పోయిందో చూడండి. అరిగే భాగం పోతే దాన్ని మార్పించుకోవచ్చు. బరువు మోసే భాగమే పోతే ఇక ఆ వస్తువు మీద డబ్బు పెట్టకండి.

సోఫాతో మొదలుపెడతాను, జనం తొందరపడి పారేసేది ఎక్కువగా దాన్నే. ముందు కూర్చునే కుషన్లు తీసి పక్కన పెట్టండి. కింద అడ్డంగా నిలువుగా అల్లిన ఎలాస్టిక్ బెల్టులు కానీ, వంకరలు తిరిగిన స్ప్రింగులు కానీ ఉంటాయి. అరచేత్తో గట్టిగా నొక్కండి. బెల్టు సాగి అలాగే వదులుగా ఉండిపోయినా, స్ప్రింగు ఒక చివర క్లిప్పులోంచి ఊడి వేలాడుతున్నా సోఫా ఎందుకు కుంగిందో తెలిసిపోయినట్టే. ఇది చిన్న పని. తర్వాత ముందు కాళ్లలో ఒకదాన్ని ఓ ఆరంగుళాలు పైకి ఎత్తండి. ఫ్రేము గట్టిదైతే ఈలోపే రెండో ముందు కాలు కూడా లేస్తుంది. ఒక మూల లేచినా రెండోది నేలనే అంటిపెట్టుకుని, మధ్యలో కిర్రుమంటూ మెలితిరుగుతుంటే ఫ్రేము సడలిందని అర్థం. ఇంకా అనుమానంగా ఉంటే సోఫాను వెనక్కి పడుకోబెట్టి, అడుగున స్టేపుల్ పిన్నులతో కొట్టిన పల్చటి నల్లగుడ్డను ఒక మూల విప్పి టార్చి వేసి చూడండి. మూలల్లో త్రికోణపు చెక్కదిమ్మలు పెట్టి, జిగురు పూసి, స్క్రూలు బిగించి ఉంటే దాన్ని చేసినవాడికి పని తెలుసు. అలాంటి సోఫాను ఊరికే వదులుకోకండి. పిన్నులతోనే పని కానిచ్చేసి, ఆ చెక్క కూడా చీలి ఉంటే మాత్రం కొత్త గుడ్డ వేయించడం దండగ.

ఇక ఫోము. షెడ్డులో పాత సీటు విప్పినప్పుడల్లా నేను చూసేది ఇదే. మనుషులు కూర్చునే చోట ఫోము పలచబడి గుంట పడి ఉంటుంది, అంచుల్లో మాత్రం కొన్నప్పటి ఎత్తే. గుంట దగ్గర చిన్న ముక్క తుంచి రెండు వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలిపోతుంది. రంగు పసుపుపచ్చగా మారిందని మాత్రం కంగారుపడకండి, గాలీ వెలుతురూ తగిలితే ఫోము ఎలాగూ ఆ రంగుకు తిరుగుతుంది. నొక్కి వదిలితే లేస్తోందా, నలిపితే రాలుతోందా అన్నవి చూస్తే చాలు.

కొత్త ఫోము వేయించేటప్పుడు గట్టిదా మెత్తదా అని అడిగి ఊరుకోకండి, డెన్సిటీ ఎంతో అడగండి. ఆ రెండూ ఒకటి కావు. గట్టిగా అనిపించే ఫోము కూడా డెన్సిటీ తక్కువదైతే త్వరగా కూలబడిపోతుంది. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. రోజూ కూర్చునే సీటుకు 32కి తగ్గొద్దు, 40 అయితే నిశ్చింత. చెప్పిన మాట నిజమో కాదో చూడటం కూడా తేలికే. 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 10 మందం ఉన్న ముక్క 40 డెన్సిటీదైతే 360 గ్రాములు తూగాలి, 32ది అయితే 290కి దగ్గరగా. వంటింటి తూకం చాలు. బావగారు తను తెప్పించుకునే ఫోమును కూడా ఇలాగే తూచి తీసుకుంటారు.

తోలులా కనిపించే సోఫాలది వేరే కథ. పైన పాలీయురెథేన్ పొర ఉన్న నకిలీ తోలు కొన్నేళ్లకు పొట్టు లేస్తుంది. గాల్లో తేమ, ఒంటి చెమట కలిసి ఆ పొరను లోపల్లోపలే విరగ్గొడతాయి. అందుకే తల ఆనే చోటా, చేతులు పెట్టే చోటా మొదలవుతుంది. ఒక్కసారి మొదలైందంటే ఏ క్రీమూ, ఏ రంగూ ఆపలేవు. తోలు తుక్కును అతికించి పైన పూత వేసిన బాండెడ్ లెదర్‌దీ అదే గతి. ఫ్రేము బాగుంటే మంచి గుడ్డ వేయించండి, మళ్లీ అదే రకం తోలు జోలికి పోకండి. అసలు తోలైతే అది ఎండిపోయి బీటలు వారుతుంది తప్ప పొట్టు లేవదు. ఎండ పడనీయకుండా, అప్పుడప్పుడూ కండిషనర్ రాస్తూ ఉంటే చాలాకాలం వస్తుంది.

పరుపుకు నేను వయసు లెక్క ఒప్పుకుంటాను. మామూలు ఫోము, స్ప్రింగు పరుపులకు 7 నుంచి 10 ఏళ్లు, మంచి లేటెక్స్ అయితే ఇంకొన్నాళ్లు. కానీ కొత్తది కొనేముందు మంచం సంగతి చూడండి. పరుపు తీసేసి అడ్డపట్టీలు ఒక్కొక్కటీ నొక్కండి. ఒకటి విరిగినా, మధ్యలో ఊతకాలు నేలకు ఆనకపోయినా, పట్టీకీ పట్టీకీ మధ్య మూడంగుళాలకు మించి సందు ఉన్నా పరుపు అక్కడ దిగుతుంది, దాని మీద కొత్త పరుపు వేసినా మళ్లీ దిగుతుంది. మంచం బాగుందని తేలాక పరుపును నేల మీద పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం బిగలాగి, గుంట దగ్గర స్కేలుతో కొలవండి. ఒకటి, ఒకటిన్నర అంగుళం దిగితే దాని పని అయిపోయినట్టే, చాలా కంపెనీల వారంటీల్లో పెట్టే గీత కూడా అక్కడక్కడే. లేవగానే నడుం పట్టేసి, కాస్త తిరిగాక సర్దుకుని, వేరే చోట పడుకున్నరోజు ఆ ఇబ్బంది లేకపోతే దారం కూడా అక్కర్లేదు. తిరగేసి వాడొచ్చా అంటే, రెండువైపులా ఒకేలా ఉన్నవాటినే తిరగేయాలి. పైన మెమరీ ఫోము పొర ఉన్నవాటిని తలవైపు కాళ్లవైపుకు మార్చుకోవాలి, అంతే.

డైనింగ్ టేబుల్ గట్టి చెక్కదైతే దాన్ని మీ తర్వాతివాళ్లు కూడా వాడతారు. కుర్చీలు ఊగుతున్నాయంటే చెక్క పోయిందని కాదు, అతుకుల్లో జిగురు పట్టు వదిలిందని. చెక్క తేమను బట్టి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, ఆ కదలికకు అతుకు సడలుతుంది. ఇక్కడ మనవాళ్లు చేసే పని ఒకటి చూస్తే బావగారికి ఒళ్లు మండుతుంది: ఊగుతున్న అతుకులోకి మేకు దిగ్గొట్టడం. ఆ మేకు దగ్గరే చెక్క చీలుతుంది, ఆ తర్వాత ఆయనకు కూడా పని కష్టం. అతుకును మెల్లగా విడదీసి, గట్టిపడిన పాత తెల్ల జిగురును పూర్తిగా గీకేసి, కొత్తది పూసి, అతుకును బిగించి పట్టే క్లాంపు వేసి రాత్రంతా వదిలేయాలి. పాత జిగురు మీద కొత్తది సరిగా పట్టదు, గీకకుండా పూస్తే మళ్లీ ఊగుతుంది. టేబుల్ మీది మచ్చల గురించి కూడా ఒక మాట. వేడి గిన్నె పెట్టినచోట పడే తెల్ల మచ్చ సాధారణంగా పైపాలిష్‌లోనే ఉంటుంది, పోతుంది. నల్ల మచ్చ అయితే నీళ్లు చెక్క లోపలికి దిగినట్టు, దానికి పాలిష్ గీకి మళ్లీ వేయాల్సిందే.

పార్టికల్ బోర్డుది పూర్తిగా వేరే లెక్క. చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసే ఆ బోర్డు నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండబెట్టినా మళ్లీ పాత మందానికి రాదు. అడుగు అంచు ఉబ్బి, పైన మైకా లేచిపోయిందంటే ఆ పలకకు వైద్యం లేదు. ఒకసారి విప్పిన స్క్రూ కూడా అదే రంధ్రంలో మునుపటిలా పట్టదు. ఇల్లు మారినప్పుడల్లా నా వార్డ్‌రోబ్ విప్పి బిగించిన అనుభవంతో చెబుతున్నాను, అది వాడకంలో పాడవలేదు, విప్పడంలోనే సగం పాడైంది. ప్లైవుడ్ ఈ రెండు విషయాల్లోనూ చాలా నయం.

వీటికి తోడు, బాగుచేసే ఆలోచనే పెట్టుకోకుండా వెంటనే వాడకం ఆపేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎండలో ఉండి పైన సుద్దలా పొడి లేస్తున్న ప్లాస్టిక్ కుర్చీ చెప్పాపెట్టకుండా కాలు విరిగి పడేస్తుంది. గాజు టేబుల్ అంచు పెచ్చు ఊడితే ఆ గాజు మార్చేయాలి. పసిపిల్లల ఊచల మంచంలో ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటితే అది ఎంత ముచ్చటగా ఉన్నా, ఎవరు ప్రేమతో ఇచ్చినా వాడొద్దు. సొరుగుల బీరువా ముందుకు తూలుతుంటే పారేయక్కర్లేదు కానీ గోడకు బిగించేదాకా పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకండి. కూర్చోగానే మెల్లగా దిగిపోయే ఆఫీసు కుర్చీ మాత్రం ఈ జాబితాలోకి రాదు, అందులో పోయింది ఎత్తు నిలిపే గ్యాస్ సిలిండరు ఒక్కటే, దాన్ని విడిగా కొని వేసుకోవచ్చు.

పురుగు పట్టిన చెక్కను చూసి కూడా వెంటనే నిర్ణయం తీసుకోకండి. గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు ఎప్పుడో వెళ్లిపోయిన పురుగులవి కూడా కావచ్చు. కింద నల్లకాగితం పరిచి కొన్నివారాలు వదిలేయండి, పిండిలాంటి కొత్త పొడి పడితే లోపల ఇంకా ఉన్నట్టు. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే బోలుగా మోగుతూ, మొన నొక్కితే లోపలికి దిగిపోయే కాలు మాత్రం ఇక బరువు మోయదు.

మరమ్మతుకు ఎంతదాకా పెట్టొచ్చని అడుగుతారు. చాలామంది ఆ ఖర్చును మార్కెట్లో దొరికే అన్నిటికన్నా చవక సోఫా ధరతో పోలుస్తారు, నాకది సరైన పోలికగా అనిపించదు. అదే చెక్క, అదే పనితనంతో కొత్తది ఎంతవుతుందో అడగండి. అందులో సగం లోపు అయితే నేను బాగుచేయించుకుంటాను.

మీ వార్డ్‌రోబ్ తలుపు గురించి. ముందు హింజి మీద ఉండే రెండు స్క్రూలు తిప్పి చూడండి, తలుపును పక్కకీ లోపలికీ జరపడానికే అవి ఉన్నాయి. హింజి ఊడి ఊగుతుంటే రంధ్రం పెద్దదైందన్నమాట. అందులో జిగురు పూసిన గట్టి చెక్కబిళ్ల దిగ్గొట్టి, ఆరాక కొత్తగా రంధ్రం వేసి బిగిస్తే చాలాకాలం ఆగుతుంది. రెండూ బాగానే ఉండి తలుపు ఇంకా వాలుతుంటే వార్డ్‌రోబ్‌ను కాస్త ముందుకు లాగి వెనక పలక చూడండి. డబ్బాను మూలమట్టంగా నిలిపేది ఆ పల్చటి పలకే. దాని మేకులు ఊడితే మొత్తం ఓ పక్కకు ఒరుగుతుంది, నేరం తలుపు మీద పడుతుంది. ఆ వెనక పలక, కింది అంచు రెండూ కనిపించేలా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. బోర్డు ఉబ్బిందో, మేకులే ఊడాయో చూసి చెబుతాను.