ఆ రెండు నెమలీకలు ఎక్కడికి పోయాయి?

తమ్ముడూ,

నీ నాటిక రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి, ఒక్క గుక్కలో. రెండోసారి తెల్లారి, పెన్సిల్ పట్టుకుని. పాలస్తీనా మీద తెలుగులో నాటిక రాయాలనుకున్నందుకు ముందుగా నీ భుజం తట్టాలి. అది నీ మనసులోంచే వచ్చిందని ప్రతి పేజీలో తెలుస్తోంది. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను.

మొదటి నిమిషంలోనే బాంబు పేలింది. తర్వాత తల్లి ఏడుపు, వెనకాల ఫ్లూట్. ముసలాయన రెండు పేజీల డైలాగ్. సైనికుడు నవ్వుతూ వచ్చి నవ్వుతూ వెళ్ళాడు. చివర్లో అందరూ కలిసి స్లోగన్. చప్పట్లు పడతాయి, సందేహం లేదు. కానీ ఆ కుటుంబం పోగొట్టుకున్న ఇల్లు ఎలా ఉండేదో అంతా చదివాక కూడా నాకు తెలియలేదు. గుమ్మం ఎటు ఉందో, గోడకి ఏం వేలాడేదో, ఒక్క మాట లేదు. ఇల్లు కనబడకుండా ఇల్లు పోయిందంటే ప్రేక్షకుడు జాలిపడతాడేమో గానీ, పోయిందేమిటో వాడికి తెలియదు.

పాలస్తీనా రచయిత ఘస్సాన్ కనఫానీ 1969లో రాసిన ‘హైఫాకు తిరిగి వచ్చి’ అనే చిన్న నవల చదువు. ఇంగ్లిష్‌లో దొరుకుతుంది, ఒక్క పూటలో అయిపోతుంది. 1948 ఏప్రిల్‌లో రేవు పట్నం హైఫా యూదు దళాల చేతికి పోయిన రోజు సఫియ్యా భర్తను వెతుక్కుంటూ వీధిలోకి వస్తుంది. అయిదు నెలల పసివాడు ఉయ్యాల్లో ఉన్నాడు. జనం తోసుకుంటూ రేవు వైపు పోతున్నారు, వెనక్కి రానివ్వరు. భార్యాభర్తలిద్దరూ అలా పడవెక్కేస్తారు. 1967 యుద్ధం తర్వాత సరిహద్దు తెరిచినప్పుడు, దాదాపు ఇరవై ఏళ్ళకి, రమల్లా నుంచి కారులో వచ్చి తమ ఇంటి తలుపు తడతారు. పోలెండ్ నుంచి వచ్చిన యూదు స్త్రీ మిరియమ్ తలుపు తీస్తుంది. లోపలికి వచ్చిన భర్త సయీద్ ఏం చేస్తాడనుకున్నావు? ఏడవడు, అరవడు. గది కలయజూస్తాడు. చెక్క కూజాలో నెమలీకలు ఉన్నాయి. లెక్కపెడతాడు. అయిదు. అప్పట్లో ఏడుండేవి, మిగతా రెండూ ఏమయ్యాయని అడుగుతాడు. ఆమెకు గుర్తులేదు. పిల్లవాడు చిన్నప్పుడు ఆడుకుంటూ పోగొట్టి ఉంటాడంటుంది.

ఆ పిల్లవాడు ఎవరు? వీళ్ళు ఉయ్యాల్లో వదిలేసిన ఖల్దూన్. ఇప్పుడు వాడి పేరు డోవ్, ఒంటి మీద ఇజ్రాయెల్ సైనికుడి యూనిఫాం.

మనం కూడా చిన్నప్పుడు నెమలీకను పుస్తకంలో దాచి, పిల్లలు పెడుతుందని రోజూ తీసి చూసుకున్నవాళ్ళమే. అందుకేనేమో, ఆ రెండు ఈకల దగ్గర నాకు పుస్తకం మూసేయాలనిపించింది. ఊరు పోయింది, కొడుకు పోయాడు, పేరు పోయింది. ఆయన అడిగింది రెండు ఈకల గురించి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు ఏడు లక్షల మందికి పైగా ఇళ్ళు విడిచారు, నాలుగు వందలకు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి అని నీ ముసలాయన పాత్ర చెబుతుంది. ఆ లెక్క నిజమే. కానీ రంగస్థలం మీద ఏడు లక్షలు వినబడవు. ఏడులోంచి రెండు తగ్గితే వినబడుతుంది.

ఇక మిరియమ్ సంగతి. కనఫానీ తటస్థుడు కాదు. పాలస్తీనాలోని అక్కా అనే ఊళ్ళో 1936లో పుట్టాడు, పన్నెండేళ్ళకే ఊరు విడిచాడు, ఒక విప్లవ సంస్థకు అధికార ప్రతినిధిగా పనిచేశాడు. 1972 జూలైలో బేరూత్‌లో కారుబాంబుకి మేనకోడలితో సహా బలైపోయాడు, అప్పటికి ముప్పై ఆరేళ్ళు. అలాంటి మనిషి శత్రుపక్షపు స్త్రీకి ఏం రాశాడో చూడు. ఆమె తండ్రి నాజీల ఆష్విట్జ్ శిబిరంలో చనిపోయాడు. పదేళ్ళ తమ్ముణ్ణి జర్మన్ సైనికులు కాల్చేశారు. ఆమె హైఫా చేరిన కొత్తల్లో, ఇద్దరు యువకులు ఒక అరబ్ పిల్లవాడి శవాన్ని కట్టెముక్కలా లారీలోకి విసరడం చూస్తుంది. అది చూశాక ఆ దేశంలో ఉండనంటుంది. అయినా ఉండిపోయింది, వీళ్ళ ఇంట్లోనే, వీళ్ళ బిడ్డను పెంచుకుంటూ. ఆమెకు ఇంత కథ ఇవ్వడం వల్ల సయీద్ వాదన ఏమైనా పలచబడిందా? లేదు, ఇంకా బరువెక్కింది. నీ సైనికుడు నవ్వుతుంటే నాకు భయం వేయలేదు తమ్ముడూ. వాడికి ఇంటి దగ్గర తల్లి ఉండి, ఆమె చెప్పిన ఒక కథను వాడు నిజంగా నమ్ముతూ ఉంటే అప్పుడు భయం వేస్తుంది.

అదే నవలను నాటకం చేసి 2008లో టెల్ అవీవ్‌లో హీబ్రూలో ఆడారు, హాలు బయట నిరసనలు జరిగాయి. మరో నాటకీకరణను న్యూయార్క్‌లో ఒక థియేటర్ రాయించుకుని ఒత్తిళ్ళకి వెనక్కి తగ్గింది, చివరికి 2018లో లండన్‌లో ఒక చిన్న హాల్లో ఆడింది. ఆ నవల్లో మిరియమ్‌కి కూడా కుర్చీ వేశాడు రచయిత, అయినా ఇంత భయపడ్డారు. ఎవరికీ కుర్చీ వేయని స్లోగన్‌కి ఎవరు భయపడతారు?

ఇంకో మాట, చావు గురించి. నీ నాటికలో నలుగురు చనిపోయారు, నలుగురూ బాంబులకే. కనఫానీ మొదటి నవల ‘ఎండలో మనుషులు’ 1963లో వచ్చింది. ముగ్గురు శరణార్థులు ఖాళీ నీళ్ళ ట్యాంకర్‌లో దాక్కుని ఇరాక్‌లోని బస్రా నుంచి కువైట్‌కు బయల్దేరతారు. ఆగస్టు ఎండ. సరిహద్దు దగ్గర కాగితాల పని కొన్ని నిమిషాలే. కానీ ఆఫీసులో గుమస్తాలు డ్రైవర్‌ని పట్టుకుని బస్రాలో ఒక డాన్సర్ గురించి వేళాకోళం మొదలుపెడతారు. ఆ కబుర్లు తెమిలేలోపు లోపల ముగ్గురూ పోయారు. ఎందుకు తట్టలేదు, ట్యాంకర్ గోడలు ఎందుకు తట్టలేదు అని డ్రైవర్ ఎడారిలో అరుస్తాడు. 1972లో తౌఫీక్ సాలెహ్ దీన్ని సినిమాగా తీసినప్పుడు అందులో ముగ్గురూ తడతారు, గట్టిగానే తడతారు. ఆఫీసు ఏసీ శబ్దంలో ఎవరికీ వినబడదు. రెండింటి మధ్యా తేడా ఒక్క చప్పుడు. నవల తన వాళ్ళని నిలదీసింది, సినిమా బయటివాళ్ళని నిలదీసింది. నీ నాటిక ఎవర్ని నిలదీస్తోందో ఒక కాగితం మీద రాసుకో.

నీ స్క్రిప్ట్‌లో ఒక తప్పుంది. హీరోయిన్ కుటుంబం తరతరాలుగా గాజాలోనే ఉందని రాశావు. అలాంటి కుటుంబాలు ఉన్నాయి, కాదనను. కానీ గాజా జనంలో మూడింట రెండొంతులకు పైగా 1948లో యాఫా, మజ్దల్, బీర్షెబా వైపు నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు. శరణార్థి క్యాంపులో పుట్టిన పిల్లని మీదే ఊరమ్మా అని అడిగితే తాత ఊరి పేరు చెబుతుంది, తను ఎన్నడూ చూడని ఊరి పేరు. నీ హీరోయిన్ ఆ ఒక్క పేరు పలికితే ముసలాయన రెండు పేజీల డైలాగ్ కొట్టేయొచ్చు.

రెండో రంగంలో మన ముంపు గ్రామాలతో పోలిక తెచ్చావు. దాని గురించి నాకు తెలిసింది చెబుతాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు 1981లో శ్రీశైలం నీళ్ళలో పోయింది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మొండి గోడలు తేలేవి. ఆమె గట్టు మీద కూర్చుని, చెయ్యి చాపి, అదిగో మన వంటిల్లు అనేది. నేను కూడా మొదట్లో ఆ రెంటినీ ఒకటే అనుకున్నాను. కాదు. మా అమ్మమ్మ వంటింట్లో వేరే ఎవరూ వంట చేయడం లేదు. నీళ్ళు ఆమె పేరునీ భాషనీ ప్రశ్నించలేదు. సయీద్ ఇల్లు నిలబడే ఉంది, దీపం వెలుగుతోంది, తలుపు తీసేది వేరేవాళ్ళు. పాలస్తీనా కవి మహమూద్ దర్విష్ చిన్నప్పుడు వాళ్ళ కుటుంబం లెబనాన్ పారిపోయి, ఏడాది తర్వాత దొంగచాటుగా తిరిగొచ్చింది. అప్పటికి వాళ్ళ ఊరు అల్ బిర్వా నేలమట్టమైంది, వీళ్ళు లేనప్పుడే జనాభా లెక్క అయిపోయింది. సొంత గడ్డ మీద ఉంటూనే కాగితాల్లో ‘హాజరైన గైర్హాజరీ’ అయ్యాడా పిల్లవాడు. ఈ మాటకి మన ముంపు కథల్లో జోడీ లేదు. ఆ పోలిక తీసెయ్. అమ్మమ్మ చెయ్యి చాపడం మాత్రం కావాలంటే వాడుకో.

నాటకం వల్ల ఏమవుతుందని ఉత్తరం చివర్లో అడిగావు. జెనిన్ శరణార్థి శిబిరంలో అర్నా మేర్ అనే యూదు స్త్రీ పిల్లలతో నాటకాలు వేయించింది. 2002లో ఇజ్రాయెల్ సైన్యం దాడిలో ఆ థియేటర్ కూలిపోయింది. ఆ పిల్లల్లో కొందరు పెరిగి తుపాకీ పట్టి చనిపోయారు. ఆమె కొడుకు జూలియానో మేర్ ఖమీస్ ఆ పిల్లల మీద సినిమా తీసి, 2006లో అదే శిబిరంలో ఫ్రీడమ్ థియేటర్ పెట్టాడు. 2011 ఏప్రిల్ 4న ఆ థియేటర్ బయటే అతన్ని కాల్చి చంపారు. థియేటర్ ఆగలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆ బృందం మన దేశానికి వచ్చి ఢిల్లీలోని జన నాట్య మంచ్ అనే నాటక బృందంతో కలిసి వీధినాటకం ఆడింది. దీన్ని విజయం అనాలో ఓటమి అనాలో నాకు తెలియదు. నువ్వూ తేల్చి చెప్పాలని తొందరపడకు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఫ్లూట్ తీసెయ్, స్లోగన్ తీసెయ్. మొదటి రంగం మళ్ళీ మొదలుపెట్టే ముందు, ఆ ఇంటి ముందుగది బొమ్మ గీసి నాకు పంపు. తలుపు ఎటు తెరుచుకుంటుంది, తాళంచెవి ఏ మేకుకి వేలాడుతుంది, పొయ్యి మీద ఏముంది. హడావుడిలో వాళ్ళు ఏం మర్చిపోయారో దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టు. వచ్చే ఆదివారానికి అందితే చాలు.

ప్రేమతో,
అన్న