ఫ్రిస్కోలో కొన్న ఇంటి డీడ్ కాపీ, పెళ్లి సర్టిఫికెట్, పాత స్పీడింగ్ టికెట్: ఏ కాగితం ఏ ఆఫీసులో దొరుకుతుంది?

మీరు అడిగినవి మూడు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్న రెండు నెలలకు "మీ డీడ్ కాపీ కోసం 120 డాలర్లు పంపండి" అని ఉత్తరం వచ్చింది, కట్టాలా? డాలస్‌లో జరిగిన పెళ్లికి ఇండియాలో చెల్లే సర్టిఫైడ్ కాపీ ఎవరిస్తారు? పౌరసత్వం దరఖాస్తు కోసం ఆరేళ్ల కిందటి స్పీడింగ్ టికెట్ కాగితం ఎక్కడ దొరుకుతుంది?

ముందుగా, ఆ 120 డాలర్లు పంపకండి. అది కౌంటీ పంపిన ఉత్తరం కాదు. మీ పేరు, ఇంటి చిరునామా, కొన్న తేదీ, ఇన్‌స్ట్రుమెంట్ నంబర్ (రికార్డులో ఆ పత్రానికి ఇచ్చిన నంబర్) అన్నీ అందులో సరిగ్గా ఉంటాయి. ఎందుకంటే అవన్నీ ఆస్తి పత్రాలు రికార్డు చేసే కౌంటీ క్లర్క్ దగ్గర ఎవరైనా చూడగలిగే పబ్లిక్ రికార్డు. అక్కడి నుంచే తీసుకుని, పైన ముద్ర లాంటి బొమ్మ వేసి, "ఫలానా తేదీలోగా స్పందించాలి" అని రాస్తారు. ఇది ప్రభుత్వ సంస్థ కాదన్న మాట అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ లైను వెతికి చదవండి. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉండే ఇంటికి పన్ను మినహాయింపు) పెట్టిస్తామంటూ డబ్బు అడిగే ఉత్తరాలూ వస్తాయి. ఆ దరఖాస్తు, పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో మీరే ఉచితంగా పెట్టుకోవచ్చు.

ఈ ఉత్తరాలకు మనవాళ్లు తొందరగా పడిపోవడానికి కారణం ఉంది. మన ఊళ్లో ఒరిజినల్ దస్తావేజు బీరువాలోనో బ్యాంకులోనో ఉండాలి, అది పోతే పెద్ద తలనొప్పి. ఇక్కడ లెక్క వేరు. సంతకం చేసిన డీడ్ కౌంటీ క్లర్క్ రికార్డులోకి ఎక్కిందంటే సరిపోతుంది, మీ చేతిలోని కాగితం పోయినా హక్కు పోదు. కౌంటీ నుంచి సర్టిఫైడ్ కాపీ ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. టెక్సస్‌లో మామూలు కాపీ పేజీకి 1 డాలర్. సర్టిఫై చేయించుకుంటే దానిపైన మరో 5 డాలర్లు. అంటే మూడు పేజీల డీడ్‌కి మామూలు కాపీ 3, సర్టిఫైడ్ అయితే 8 డాలర్లు. ఆన్‌లైన్‌లో కార్డుతో కడితే కొంచెం అదనంగా పడొచ్చు.

ఇక వెతికే పద్ధతి. మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. కాలిన్ క్లర్క్ ఆఫీసు మెకిన్నీలో, డెంటన్ క్లర్క్ ఆఫీసు డెంటన్‌లో. తప్పు కౌంటీ సైట్‌లో వెతికి, ఏమీ రాకపోతే "మా డీడ్ రిజిస్టర్ కాలేదు" అని హడలిపోతారు. మీ ఆస్తి పన్ను బిల్లు మీద ఏ కౌంటీ ఉందో ముందు చూసుకోండి.

రెండో తప్పు, క్లర్క్ సైట్‌లో ఇంటి చిరునామాతో వెతకడం. ఆ ఇండెక్స్ పేర్ల మీద, లీగల్ డిస్క్రిప్షన్ (సబ్‌డివిజన్, బ్లాక్, లాట్) మీద నడుస్తుంది, వీధి పేరు మీద కాదు. అందుకని ముందు ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌కి వెళ్లండి. అక్కడ చిరునామా కొడితే మీ ఆస్తి పేజీ వస్తుంది. అందులో డీడ్ హిస్టరీ దగ్గర తేదీ, ఇన్‌స్ట్రుమెంట్ నంబర్ ఉంటాయి, పైన సబ్‌డివిజన్ పేరు, బ్లాక్, లాట్ ఉంటాయి. ఆ నంబర్ రాసుకుని క్లర్క్ సైట్‌లో కొట్టండి, డీడ్ నేరుగా తెరుచుకుంటుంది. చాలా కౌంటీలు తెర మీద చూడటానికి డబ్బు తీసుకోవు, పేజీకి అడ్డంగా "అనఫీషియల్" అనే వాటర్‌మార్క్ మాత్రం వేస్తాయి. మీ ఫైల్లో పెట్టుకోవడానికి అదే చాలు. సర్టిఫైడ్ కాపీ ఎవరైనా ప్రత్యేకంగా అడిగినప్పుడే కొనండి.

కొత్త ఇల్లయితే అప్రైజల్ పేజీలో ఇంకా బిల్డర్ పేరే కనిపించొచ్చు. పన్ను లెక్కకి జనవరి 1న యజమాని ఎవరన్నదే వాళ్లు చూస్తారు, మార్పు ఎక్కడానికి సమయం పడుతుంది. అలాంటప్పుడు క్లర్క్ సైట్‌లో పేరుతోనే వెతకాలి. మన పేర్లకి అసలు చిక్కు అక్కడ వస్తుంది.

ఇండెక్స్‌లో పేరు ఎక్కించేది డీడ్ మీద టైపు చేసినట్టే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకి అమెరికా వీసాలో ముందు పేరు స్థానంలో ఎఫ్-ఎన్-యు (ముందు పేరు తెలియదు అని) పడుతుంది. అది డ్రైవర్ లైసెన్సులోకి, లైసెన్సు నుంచి డీడ్‌లోకి వస్తుంది. "వెంకట" అన్నది ఒక డీడ్‌లో మిడిల్ నేమ్, ఇంకోదాంట్లో ముందు పేరు. "లక్ష్మి" మధ్యలో ఒకచోట కె-ఎస్-హెచ్, ఒకచోట ఎక్స్. "శ్రీనివాస్" ఎస్-ఆర్-ఐ తోనో, ఎస్-ఆర్-ఈ-ఈ తోనో మొదలవుతుంది. ఇంటిపేరుకి "రెడ్డి" కలిపి రాస్తే ఒకటి, విడదీస్తే ఇంకొకటి. సైట్ మాత్రం మీరు కొట్టిన అక్షరాలనే ఎడమ నుంచి పోల్చుకుంటూ పోతుంది. కాబట్టి పూర్తి పేరు కొట్టకండి. ఇంటిపేరు మొదటి నాలుగైదు అక్షరాలు చాలు, మిగతాది ఖాళీగా వదిలేసి, తేదీల గడిలో క్లోజింగ్ రోజు (కొనుగోలు సంతకాలు చేసిన రోజు) నుంచి పది రోజుల వరకూ పెట్టండి. రాకపోతే ముందు పేరునే ఇంటిపేరు గడిలో కొట్టి చూడండి. తర్వాత మీ భాగస్వామి పేరుతో. అదీ కాకపోతే సబ్‌డివిజన్, బ్లాక్, లాట్‌లతో. ఈ నాలుగూ చేశాక కూడా దొరకని డీడ్ చాలా అరుదు. దొరక్కపోతే క్లోజింగ్ చేసిన టైటిల్ కంపెనీకి (ఆస్తి హక్కుల రికార్డు పరిశీలించే సంస్థకి) ఫోన్ చేసి ఇన్‌స్ట్రుమెంట్ నంబర్ అడగండి.

ఫలితాల్లో ఒకే రోజు రెండు పత్రాలు, వరస నంబర్లతో కనిపిస్తాయి. వారంటీ డీడ్‌లో మీరు గ్రాంటీ, అంటే పుచ్చుకున్నవారు. డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో మీరు గ్రాంటర్, అంటే ఇచ్చినవారు. అది అప్పు ఇచ్చిన సంస్థకి ఇల్లు తాకట్టు పెట్టిన కాగితం. గ్రాంటర్ గడిలో మాత్రమే పేరు కొడితే తాకట్టు పత్రమే వస్తుంది, అదే డీడ్ అనుకుని ప్రింట్ తీసుకుంటారు. పత్రం పేరు చదివి తేడా పట్టుకోండి. మీకు కావలసింది వారంటీ డీడ్.

ఆ మొదటి పేజీ ఒకసారి చూడండి. పైన లావు అక్షరాల్లో గోప్యత హక్కుల నోటీసు ఉంటుంది: సోషల్ సెక్యూరిటీ నంబర్, డ్రైవర్ లైసెన్స్ నంబర్ రికార్డు చేసే ముందు కొట్టేయించుకోవచ్చని. ఆ కింద ఇల్లు కొన్న ధర కోసం వెతికితే "10 డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం" అని ఉంటుంది. పొరపాటు కాదు, టెక్సస్‌లో అమ్మకం ధర రికార్డులో చెప్పనక్కర్లేదు. అప్పు మొత్తం మాత్రం డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో అందరికీ కనిపిస్తుంది. చివర్లో కౌంటీ ముద్ర, ఇన్‌స్ట్రుమెంట్ నంబర్, రికార్డయిన తేదీ, సమయం ఉంటాయి. ఇవి ఉంటే పని పూర్తయినట్టే. పేరులో అక్షరం తప్పుంటే పెన్నుతో దిద్దకండి. టైటిల్ కంపెనీకి చెబితే కరెక్షన్ ఇన్‌స్ట్రుమెంట్ తయారుచేసి రికార్డు చేయిస్తారు.

మన ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) లాంటిది ఇక్కడ కౌంటీ ఇవ్వదు. ఆస్తి మీద ఏమేం భారాలున్నాయో టైటిల్ కంపెనీ వెతికి పెడుతుంది, లేదా ఇదే ఇండెక్స్‌లో మీ పేరునీ లాట్‌నీ కొట్టి మీరే చూసుకోవాలి. రీఫైనాన్స్ చేశాక పాత అప్పుకి రిలీజ్ ఆఫ్ లియెన్ (తాకట్టు విడుదల పత్రం) రికార్డయిందా, డబ్బు అందలేదని కాంట్రాక్టర్ ఎవరైనా ఇంటి మీద మెకానిక్స్ లియెన్ అఫిడవిట్ (బాకీ కోసం ఆస్తి మీద హక్కు కోరే పత్రం) వేశారా అన్నది ఏడాదికోసారి చూసుకోవడం మంచిది. ఐదు నిమిషాల పని. మీ పేరు మీద కొత్త పత్రం ఎక్కితే ఈమెయిల్ పంపే ఉచిత అలర్ట్ చాలా కౌంటీల్లో ఉంది. అందులో మీ పేరుని రెండు మూడు స్పెల్లింగులతో నమోదు చేయండి.

పెళ్లి కాగితం సంగతి. టెక్సస్‌లో పెళ్లి ఎక్కడ జరిగిందన్నది కాదు, పెళ్లి లైసెన్స్ ఏ కౌంటీ క్లర్క్ ఇచ్చారన్నదే ముఖ్యం. డాలస్ హోటల్లో పెళ్లయినా లైసెన్స్ మెకిన్నీలో తీసుకుని ఉంటే కాపీ కాలిన్ కౌంటీ ఇస్తుంది. పెళ్లి చేయించినవారు సంతకం చేసిన లైసెన్స్ 30 రోజుల్లో అదే క్లర్క్‌కి తిరిగి చేరాలి. అక్కడ దొరకలేదంటే బహుశా అది తిరిగి వెళ్లలేదు, ముందు ఆ పురోహితుణ్ణే అడగండి. ఆస్టిన్‌లోని రాష్ట్ర వైటల్ స్టాటిస్టిక్స్ ఆఫీసుకి డబ్బు కట్టకండి. వాళ్లు పెళ్లికి వెరిఫికేషన్ లెటర్ మాత్రమే ఇస్తారు, సర్టిఫైడ్ కాపీ ఇవ్వరు. అది ఇండియాలో పనికి రాకపోతే వారాలు వృథా. కౌంటీ ఇచ్చిన సర్టిఫైడ్ కాపీని టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి ఫారం 2102తో, 15 డాలర్లతో పంపితే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) చేసి ఇస్తారు. ఫారంలో దేశం ఇండియా అని రాయాలి. మీ దగ్గరున్న జిరాక్స్‌కి నోటరీ చేయించి పంపితే పని జరగదు. క్లర్క్ ముద్ర, సంతకం ఉన్న కాపీయే కావాలి, దాని పిన్నులు ఊడదీయకూడదు. పెళ్లి ఇండియాలో జరిగి ఉంటే ఏ అమెరికా కౌంటీలోనూ ఆ రికార్డు ఉండదు.

టికెట్ విషయంలో చూడాల్సింది కారు ఆపింది ఎవరన్నది. సిటీ పోలీసు ఇచ్చిన టికెట్ అయితే ఆ సిటీ మునిసిపల్ కోర్టులో ఉంటుంది. రాష్ట్ర ట్రూపర్ (రాష్ట్ర పోలీసు), షెరిఫ్ డెప్యూటీ, కానిస్టేబుల్ ఇచ్చినదైతే ఆ ప్రాంతపు జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు అనే చిన్న కేసుల కోర్టులో. కౌంటీ క్లర్క్ దగ్గరికి వెళ్తే "మా దగ్గర లేదు" అంటారు, అది నిజమే. మీరు అడగాల్సింది "సర్టిఫైడ్ డిస్పొజిషన్", అంటే కేసు ఎలా ముగిసిందో కోర్టు ధ్రువీకరించిన కాగితం. రసీదో, డిఫెన్సివ్ డ్రైవింగ్ సర్టిఫికెటో దానికి బదులు కావు. టికెట్ నంబర్ లేకపోయినా పేరు, పుట్టిన తేదీ, లైసెన్స్ నంబర్, సుమారు నెల చెబితే వెతుకుతారు. పాత ఫైలు తీసేశారంటే, ఆ పేరు, పుట్టిన తేదీలతో వెతికాం, రికార్డు లేదు అని కోర్టు లెటర్‌హెడ్ మీద రాసివ్వమని అడగండి. అరెస్టు లాంటిది ఏదైనా ఉంటే మాత్రం కాగితాలు తెచ్చుకుని ఎన్-400 (పౌరసత్వం దరఖాస్తు) పెట్టేముందే ఇమ్మిగ్రేషన్ లాయరుకి చూపించండి. విడాకులు, ఫెలనీ (పెద్ద నేరాల) కేసులు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటాయి. పేరు దగ్గరగా ఉన్నా అది కౌంటీ క్లర్క్ ఆఫీసు కాదు.

కోర్టుకి "పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద అడుగుతున్నా" అని రాయకండి. ప్రభుత్వ రికార్డులు అడిగి తీసుకునే ఆ చట్టం కోర్టులకి వర్తించదు. షెరిఫ్ రిపోర్టు, కౌంటీ కాంట్రాక్టు, రోడ్డు పనుల ఫైలు లాంటివాటికి అది పనికొస్తుంది. రాతపూర్వకంగా, కౌంటీ ఇచ్చిన చిరునామాకే పంపాలి. ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పక్కర్లేదు, ఉన్న రికార్డు అడిగితేనే ఇవ్వాలి. "రోడ్డు ఎందుకు ఆలస్యమైంది" అని కాకుండా, రోడ్డు పేరు, తేదీల మధ్య కాలం చెప్పి "ఆ కాంట్రాక్టు, మార్పుల ఉత్తర్వులు" అని అడగండి. ఇవ్వకూడదనుకుంటే వాళ్లు 10 పని దినాల్లో అటార్నీ జనరల్‌ని అడగాలి. ఖర్చు 40 డాలర్లు దాటితే ముందే అంచనా పంపుతారు. దానికి మీరు 10 పని దినాల్లో జవాబివ్వకపోతే అభ్యర్థన వెనక్కి తీసుకున్నట్టే లెక్క, కాబట్టి స్పామ్ ఫోల్డర్ చూస్తూ ఉండండి.

ఇదంతా టెక్సస్ లెక్క. న్యూజెర్సీలో ఉన్న మీ బంధువులకి ఇదే చెప్పకండి. అక్కడ పెళ్లి సర్టిఫికెట్ కౌంటీ కాదు, పెళ్లి జరిగిన ఊరి రిజిస్ట్రార్ గానీ రాష్ట్ర ఆఫీసు గానీ ఇస్తుంది. జార్జియాలో డీడ్ సుపీరియర్ కోర్టు క్లర్క్ దగ్గర, పెళ్లి కాగితం ప్రొబేట్ కోర్టులో. కనెక్టికట్‌లో అయితే భూమి రికార్డులు ఏ ఊరికి ఆ ఊరి టౌన్ క్లర్క్ దగ్గరే ఉంటాయి.