అప్పగింతల దగ్గర ఆగిపోని డీవీడీ కావాలంటే

చెల్లి పెళ్ళి వీడియోని ముప్పై డీవీడీల్లో వేసి చుట్టాలకి పంచాలి, ఏ డిస్కులు కొనాలి, 1ఎక్స్‌లో, అంటే అన్నిటికన్నా తక్కువ వేగంలో, రాస్తే గట్టిగా ఉంటుందన్నది నిజమేనా అని అడిగారు. 1ఎక్స్ సంగతి మర్చిపోండి. 16ఎక్స్ (1ఎక్స్‌కి పదహారు రెట్ల వేగం) అని రాసున్న మంచి డిస్కు తీసుకుని 8ఎక్స్‌లో రాయండి. డిస్కుని అంచు దాకా నింపకండి. ఈ రెండు ముక్కలూ నాకు చేతులు కాలాకే తెలిశాయి.

2012లో మా బాబాయి కూతురి పెళ్ళి సింహాచలంలో అయింది. కాపీల పని నేనే నెత్తినేసుకున్నాను. డాబాగార్డెన్స్‌లో 50 డిస్కుల డబ్బా చవగ్గా దొరికింది. ఒక్క రాత్రిలో 40 కాపీలు 16ఎక్స్‌లో లాగించేశాను. ఆరేసి నిమిషాలకో డిస్కు బయటికొస్తుంటే మహా హుషారుగా ఉండింది. రెండు మూడు వేసి చూస్తే గణపతి పూజ చక్కగా వచ్చింది, చాల్లే అనుకున్నాను. వారం తిరక్కుండా అనకాపల్లి నుంచి పెద్దమ్మ ఫోన్: "ఏట్రా, అప్పగింతల కాడికొచ్చేసరికి బొమ్మ బిగిసిపోతంది. పిల్ల ఏడుస్తూ అలాగుండిపోనాది!" పెందుర్తి వాళ్ళదీ అదే మాట, గాజువాక వాళ్ళదీ అదే మాట. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఏ ఇంట్లోనూ ఆగలేదు. అందరికీ అప్పగింతల దగ్గరే.

డీవీడీ మీద రాత లోపలి నుంచి మొదలై బయటి అంచుకి పోతుంది. పైగా 16ఎక్స్ అంటే మొదటి నుంచీ 16 కాదు. లోపల ఆరు దగ్గర మొదలై, అంచుకొచ్చేసరికి 16 అందుకుంటుంది. డిస్కు ఎక్కువ ఊగేది అంచు దగ్గరే, చవకరకంలో రంగు పూత తేడాగా ఉండేదీ అక్కడే. డ్రైవు బాగా పరుగుమీద ఉండే చోటే డిస్కు బలహీనంగా ఉంటుందన్నమాట. పెళ్ళి వీడియోలో అక్కడికి వచ్చేది అప్పగింతలే కదా.

సరే, మిగిలిన పదింటినీ నత్తనడకన రాద్దామని కూర్చున్నాను. డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ ఇమ్‌గ్‌బర్న్‌లో 1ఎక్స్ పెడితే డ్రైవు ఒప్పుకోలేదు, 4లోనే మొదలెట్టింది. కొన్ని 4లో, కొన్ని 8లో రాశాను. తర్వాత డిస్కులో తప్పులు లెక్కపెట్టే నీరో డిస్క్‌స్పీడ్ ప్రోగ్రాంలో స్కాన్ చేసి చూస్తే, 4లో రాసినవాటికి 8లో రాసినవాటికంటే తప్పులు ఎక్కువ! కారణం తర్వాత తెలిసింది. ఒక్కో రకం డిస్కుని ఏ వేగానికి లేజర్‌తో ఎలా కాల్చాలో డ్రైవు ఫర్మ్‌వేర్‌లో (దాని లోపలే ఉండే ప్రోగ్రాంలో) ముందే రాసుంటుంది. 16ఎక్స్ డిస్కు పూత వేగంగా కాలడానికి తయారైనది. మరీ నెమ్మదిగా రాయడానికి ఆ లెక్క సరిగ్గా కుదరదు. 8లో నిండు డిస్కుకి ఎనిమిది నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాల కక్కుర్తికి నేను 40 మందికి సంజాయిషీ చెప్పుకున్నాను.

అయినా అసలు దోషం వేగానిది కాదు, డిస్కుదే. డబ్బా మీది పేరు ఒకరిది, తయారీ మరొకరిది కావచ్చు. ఒకటి కొని ఇమ్‌గ్‌బర్న్‌లో పెడితే కుడిపక్క డిస్క్ ఐడీ కనిపిస్తుంది, తయారీదారు కోడ్ అందులోనే ఉంటుంది. అది చూశాకే డబ్బా కొనండి. ఇప్పుడు ఎంపిక తగ్గిపోయింది. మంచి పేరున్న తైయో యూదెన్ 2015లో ఈ వ్యాపారం వదిలేసింది, మన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళిపోయింది. నేనైతే వెర్బాటిమ్‌లో అజో అనే రకం రంగు పూత ఉన్నవే వెతికి తీసుకుంటాను. చుట్టాల ఇళ్ళలో పాత ప్లేయర్లే ఉంటాయి కాబట్టి మైనస్ ఆర్ (డబ్బా మీద DVD-R అని ఉండేవి) తీసుకోండి, రాశాక ఫైనలైజ్ చేయడం, అంటే వేరే ప్లేయర్లలో ఆడేలా డిస్కుని ముగించడం, మర్చిపోవద్దు. 8.5 జీబీ డబుల్ లేయర్ జోలికి పోకండి. పొర మారే చోట పాత ప్లేయర్లు తడబడతాయి.

4.7 జీబీ డిస్కు కంప్యూటర్‌లో 4.38గా కనిపిస్తుంది. నేను నాలుగు దాటనివ్వను. వీడియో మిగిలితే రెండో డిస్కు.

కాగితం స్టిక్కర్లు అంటించకండి. మన విశాఖ గాలి తేమకి అవి ముడుచుకుని డిస్కుని వంచేస్తాయి. నీళ్ళ ఇంకు మార్కర్‌తో మధ్యలో పేరు రాస్తే చాలు. హుద్‌హుద్ తుపానుకి మా బీరువాలోకి నీళ్ళొచ్చినప్పుడు ప్లాస్టిక్ పెట్టెల్లో ఉన్నవి తుడిస్తే ఆడాయి, కాగితం కవర్లలో ఉన్నవి కవరుతో సహా అతుక్కుపోయాయి. ఒక పెన్‌డ్రైవ్ కాపీ కూడా దాచుకోండి.

ముప్పైకి ముప్పై ఒకేసారి రాయకండి. ఒకటి రాసి, అన్నిటికన్నా పాత ప్లేయర్ ఎవరింట్లో ఉందో అక్కడికి పట్టుకెళ్ళి, మొదట్లోది కాదు, ఆఖరి పది నిమిషాలు వేసి చూడండి.