తప్పు ఒప్పుకునే ముందు ఆ రెండు కాగితాలు చూడండి

ప్రశ్న: మాది నల్గొండ. ఫుడ్ డెలివరీ చేస్తాను. సెల్‌ఫోన్ మాట్లాడుతూ బండి నడిపానని ఆర్టీఓ ఆఫీసులో నా లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేశారు. రెండు నెలలు దాటాక, 2025 జులైలో ఒక రాత్రి అమ్మకు ఆయాసం వస్తే మందుల కోసం బండి తీశాను. చెకింగ్‌లో ఆపారు. లైసెన్స్ ఇంట్లో మర్చిపోయానన్నాను. వాళ్లు ఫోన్‌లో చూసి సస్పెండైందని తేల్చేశారు. ఇన్సూరెన్స్ కూడా 2022లోనే అయిపోయింది. బండి 2021 నవంబరులో కొత్తగా కొన్నది, మా బావ పేరు మీద ఉంది. ఇప్పుడు కోర్టు సమన్లు వచ్చాయి. ఫైన్ కట్టేస్తే అయిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. జైలు పడుతుందా?

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి. సస్పెన్షన్‌లో ఉండగా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182 కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇన్సూరెన్స్ లేకపోతే సెక్షన్ 196 కింద మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 జరిమానా, లేదా రెండూ. మొదటిసారి దొరికి, యాక్సిడెంట్ ఏమీ చేయనివాళ్లను జైలుకు పంపడం నేను చూసింది తక్కువే. అలాగని పంపరని మాటివ్వలేను.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఇన్సూరెన్స్ గురించి మీరు రాసిన మాట. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్ కొంటే థర్డ్ పార్టీ బీమా, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చేది, అయిదేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. బండికి జరిగే నష్టానికి ఇచ్చే భాగం, అంటే షోరూంవాళ్లు ఓడీ అనేది, మామూలుగా ఒక ఏడాదికే ఉంటుంది. 2022లో అయిపోయింది అదే అయి ఉండాలి. మీ బావగారి దగ్గర పాలసీ కాగితం తెప్పించుకుని చూడండి. అందులో రెండు గడువులు విడివిడిగా రాసి ఉంటాయి. థర్డ్ పార్టీ ఎదురుగా 2026 నవంబరు అని ఉంటే మీ బండికి ఆ రాత్రి ఇన్సూరెన్స్ ఉన్నట్టే. చట్టం అడిగేది థర్డ్ పార్టీనే. ఆ కాగితం కోర్టులో దాఖలు చేస్తే 196 నిలవదు. తీరా చూస్తే అది కూడా లేదనుకోండి, ఈరోజే తీసుకోండి. పాత తేదీ నుంచి పాలసీ ఎవరూ ఇవ్వరు, నేరం చెరిగిపోదు, కానీ జడ్జిగారి ముందు చూపించడానికి ఒకటి ఉంటుంది.

రెండో కాగితం సస్పెన్షన్ ఆర్డర్. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో చూసి, పోలీసులు రాసిన తేదీతో పోల్చండి. రెండు నెలలు దాటిందన్నది మీ లెక్క, ఆర్డర్‌లో లెక్క వేరే ఉండొచ్చు. ఆర్డర్ ఇచ్చే ముందు మీ మాట వినాలని కూడా చట్టం చెబుతోంది. నోటీసు నిజంగా రాకపోతే అది మీ వకీలుకు చెప్పండి. వచ్చి ఉంటే రాలేదనకండి. లైసెన్స్ ఇంట్లో మర్చిపోయానన్న మాట ఒకసారి చాలు.

ఈ రెండూ చూడకుండా మొదటి వాయిదాకే వెళ్లి, పేరు పిలవగానే "ఒప్పుకుంటున్నాను సార్" అనేస్తే అది శిక్షగా రికార్డవుతుంది. నేరం ఒప్పుకున్నాక అప్పీలుకు వెళ్లినా శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో మాత్రమే అడగగలరు. లైసెన్స్ మీదే మీ పొట్ట గడుస్తోంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కోర్టు కావాలనుకుంటే ఇంకొంత కాలం డ్రైవింగ్‌కు అనర్హుడిగా కూడా ప్రకటించగలదు. మొదటి రోజు వాయిదా అడిగితే తప్పేమీ లేదు. అసలు వెళ్లకపోవడమే తప్పు, వారెంటు వస్తుంది.

182 నిలిచేలా ఉంటే ఒప్పుకోవచ్చు. అప్పుడు అమ్మ సంగతి పనికొస్తుంది. అది నేరం లేకుండా చేయదు, శిక్ష తగ్గించమని అడగడానికే. ఆ రాత్రి మందుల షాపు బిల్లు, డాక్టరు చీటీ వెతకండి. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడకపోతే 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద మందలించి వదిలేయమని మీ వకీలు కోరవచ్చు. ఇస్తారా లేదా అన్నది మేజిస్ట్రేటు ఇష్టం. ఫీజు కట్టలేకపోతే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఆదాయం తక్కువని దరఖాస్తు పెట్టండి.

బావగారి మాట కూడా చెప్పాలి. లైసెన్స్ చెల్లనివాడికి తెలిసి బండి ఇచ్చిన యజమాని మీద సెక్షన్ 180 కింద విడిగా కేసు పెట్టొచ్చు, మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీ సస్పెన్షన్ ఆయనకు తెలుసో లేదో నిజం కనుక్కోండి, ఆయనకూ ముందే చెప్పి ఉంచండి.

ఇంకొకటి, నవ్వకండి. వాయిదా రోజు కోర్టుకు బైక్ మీదే వచ్చినవాళ్లను నేను చూశాను. మీరు మాత్రం బస్సులో వెళ్లండి. మూడు నెలలు అయిపోయాక కూడా, లైసెన్స్ మళ్లీ చేతికి వచ్చాకే బండి తీయండి. దానికి రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తి చేయాలంటారు, ఆర్టీఓ ఆఫీసులో అడిగి ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి.