టీకొట్టు దగ్గర తీర్పు

తిరుపతి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. పెన్సిలు చేతిలో పెట్టుకొని చదివాను కాబట్టి మార్జిన్లు కాస్త నల్లబడ్డాయి, కంగారు పడకు. వాక్యం నీకు లొంగుతుంది. బస్టాండు వర్ణనలో అరటిపళ్ళ బండి, వేలూరు బస్సు కండక్టరు కేక, అన్నీ కళ్ళకు కట్టాయి. పొగడ్త ఇంతటితో సరి.

కథ 2023 అక్టోబరు 17 సాయంత్రం చిత్తూరు బస్టాండు ఎదుటి టీకొట్టు దగ్గర మొదలవుతుంది. స్వలింగ వివాహాల మీద సుప్రీంకోర్టు తీర్పు టీవీలో వస్తుంది. రిటైరైన హెడ్మాస్టరు, ఆటో డ్రైవరు, లాయరు గుమాస్తా, కాలేజీ కుర్రాడు, పూలమ్మే ఆవిడ, పురోహితుడు వరసగా నిలబడి తలా ఒక అభిప్రాయం అప్పజెప్పి పోతారు. ఊళ్ళో జనం అలా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. టీవీ చర్చల్లో మాత్రం విన్నాను.

ఆ సాయంత్రం మన ప్రాంతం దేనిమీద ధ్యాస పెట్టిందో ఒకసారి గుర్తు తెచ్చుకో. అధిక మాసం వచ్చిన ఏడాది కావడంతో తిరుమలలో రెండు బ్రహ్మోత్సవాలు జరిగాయి. అది నవరాత్రి బ్రహ్మోత్సవాల్లో మూడో రోజు. అలిపిరి వైపు వెళ్ళే బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఒకవైపు క్రికెట్ ప్రపంచకప్ నడుస్తోంది. అన్నిటికీ మించి చంద్రబాబు రాజమండ్రి జైల్లో ఉన్నారు, ఆయన పిటిషన్ కూడా సుప్రీంకోర్టులోనే ఉంది. ఆ నెలలో మన జిల్లాల్లో ‘సుప్రీంకోర్టు’ అన్న మాట వినపడగానే ఎవరైనా చెవులు రిక్కించారంటే అది ఆ కేసు కోసమే. స్వలింగ వివాహాల తీర్పు టీవీ అడుగున స్క్రోలింగులో వచ్చింది, ‘వీళ్ళకు వేరే పనేమీ లేదా’ అని ఎవరో అన్నారు, టీ గ్లాసులు ఖాళీ అయ్యాయి. ఊరి తొలి స్పందన అది. నీకు అది చప్పగా తోచి ఉంటుంది, అందుకే ఆరుగురి చేత అరిపించావు. కానీ ఆ చప్పదనమే రాయవలసింది. పక్కన నిలబడి టీ తాగుతున్న ఒక మనిషికి ఆ స్క్రోలింగులో తన బతుకంతా కనిపిస్తుంటే, మిగతా వాళ్ళకు అది రెండు బంతుల మధ్య విరామం. ఈ తేడా చూపించడానికి ఎవరూ గొంతు పెంచనక్కరలేదు.

ఇక తీర్పు సంగతి. నువ్వు తీర్పు చదవలేదు. చదివిన వాడివి లాయరు గుమాస్తా చేత ‘కోర్టు దీన్ని మళ్ళీ నేరం చేసేసింది’ అనిపించవు. ఆ తప్పు ఆటో డ్రైవరు నోట రావచ్చు, నిజంగానే చాలామంది నోట వచ్చింది. 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ విషయంలో తీర్పు వచ్చినప్పుడు ‘ఇక మగవాళ్ళు మగవాళ్ళను పెళ్ళాడవచ్చట’ అన్నారు. 2023లో ‘మళ్ళీ జైల్లో పెడతారట’ అన్నారు. రెండూ తప్పే. మొదటి తీర్పు ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళను నేరస్థులు కాకుండా చేసింది, పెళ్ళి హక్కు ఇవ్వలేదు. రెండోది పెళ్ళి ఇవ్వలేదు, మొదటిదాన్ని ముట్టుకోనూ లేదు. పాత్రలకు తెలియకపోవడం కథకు బలమే. రచయితకు తెలియకపోతే మాత్రం పాఠకుడికి తెలిసిపోతుంది.

అయిదుగురు న్యాయమూర్తులు కూర్చుని నాలుగు తీర్పులు రాశారు. పెళ్ళి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని కోర్టు తిరగరాయలేదని అయిదుగురూ అన్నారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు స్త్రీ పురుష సంబంధంలో ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్ళి చేసుకోవచ్చనీ అయిదుగురూ అన్నారు. మన టీకొట్టులో ఈ ముక్క ఎవరి చెవినా పడలేదు. జంటగా బతికే వాళ్ళ బంధాన్ని ప్రభుత్వం గుర్తించాలా, వాళ్ళు కలిసి దత్తత తీసుకోవచ్చా అన్న దగ్గర బెంచి చీలింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, కౌల్ అవునన్నారు. రవీంద్ర భట్, హిమా కోహ్లీ, మన తెలుగాయన నరసింహ కాదన్నారు. తీర్పును మళ్ళీ పరిశీలించమని వేసిన పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు. అప్పటికి ఆ అయిదుగురిలో పదవిలో మిగిలింది నరసింహ ఒక్కరే. ఆ కొట్టివేత గురించి ఈ చుట్టుపక్కల ఒక్కరైనా నోరు విప్పగా నేను వినలేదు.

హెడ్మాస్టరు దగ్గరికి వద్దాం. ఆయన ‘కలికాలం’ అంటాడు, నువ్వు వెంటనే ఆయన పంచె మీద టీ ఒలికిస్తావు. ఎందుకు? ఆయన మాట నీకు నచ్చలేదు, పాఠకుడు కూడా నవ్వాలి, అంతే. ఆ టీ తుడిచెయ్. ఆయనకు పెళ్ళి అంటే ఏమిటో రాయి. పుంగనూరు, పీలేరు తిరిగి సంబంధం కుదిర్చి, మధ్యవర్తుల మాటలు పడి, కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టి, అలిగిన బావగారిని బతిమాలి పీటల దగ్గరికి తెచ్చిన మనిషి ఆయన. కూతురి పెళ్ళి అప్పు ఇంకా తీరి ఉండదు. కోర్టులో నడిచిన పెళ్ళి వేరు. ప్రత్యేక వివాహ చట్టం కింద ఒక దరఖాస్తు, ఆఫీసు గోడ మీద ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు, సంతకాలు. పెద్దల ప్రమేయం ఎక్కడా లేదు. ఆయన గుండెల్లో రాయి పడేది అక్కడ. కొంచెం గుచ్చి అడిగితే, ఇద్దరు మగవాళ్ళ సంగతి ఆయన ఎన్నడూ ఆలోచించనే లేదని తెలుస్తుంది. ‘వాళ్ళిద్దరికీ ఇష్టమైతే చాలా?’ అన్నదే ఆయన ప్రశ్న. ఎదురింటి అమ్మాయి వేరే కులం అబ్బాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకున్న రోజున కూడా ఆయన ఈ మాటే అన్నాడు. ఆ ఎదురింటి పెళ్ళిని ఒక్క పేరాలో కథలోకి తీసుకురా. ఆ తర్వాత ఆయన ‘కలికాలం’ అన్నప్పుడు ఎవరూ నవ్వరు, కొందరు తమ నాన్నను తలుచుకుంటారు.

నాకు తెలిసిన ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. కావాలంటే వాడుకో, ఊరు మాత్రం మార్చు. తీర్పు రోజున ఆ ఇల్లాలు హాల్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. వార్తల్లో ఆ విషయం రాగానే రిమోటు తీసుకొని శబ్దం తగ్గించింది. ఛానలు మార్చలేదు, టీవీ కట్టేయలేదు. పక్క గదిలో ముప్పై దాటిన కొడుకు ఉన్నాడు. మర్నాడు పేపరు రాగానే ఆయన, అంటే ఆమె భర్త, మొదటి పేజీ లోపలికి మడిచి జిల్లా పేజీలు పైకి తీసి టీపాయ్ మీద పెట్టాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు. కొన్ని వారాలు గడిచాక ఆమె బ్యాంకులో పనిచేసే మా మేనకోడలిని పక్కకు పిలిచి, ‘అమ్మా, ఖాతాకు నామినీగా బంధువు కాని వాళ్ళ పేరు పెట్టవచ్చునా?’ అని అడిగింది. పెట్టవచ్చు అంది మా పిల్ల. ‘పీఎఫ్‌కో?’ అని మళ్ళీ అడిగింది. అక్కడ చిక్కు. చట్టం చెప్పే కుటుంబం ఉన్నవాళ్ళు పీఎఫ్‌కు, గ్రాట్యుటీకి ఆ కుటుంబంలోని వాళ్ళనే నామినీగా రాయాలి. తల్లి ఉంది కదా, తల్లి పేరే ఉంటుంది. ‘నేను పోయాక?’ అంది ఆవిడ.

చూశావా, సుప్రీంకోర్టు ముందు పది రోజులు వాదించిన విషయాలన్నీ ఆమె ప్రశ్నల్లో వచ్చేశాయి. ఆస్పత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, పింఛను ఎవరికి వెళ్ళాలి, రేషను కార్డులో ఎవరి పేరు ఉండాలి. ఇటువంటివి చూడటానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేస్తామని కేంద్రం కోర్టుకు చెప్పింది. ఆ దారిలోనే 2024 ఆగస్టులో, ఇటువంటి జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషను కార్డు విషయంలో ఒకే ఇంటివాళ్ళుగా చూడమని రాష్ట్రాలకు లేఖలు వెళ్ళాయి. పెళ్ళి అనగానే మండిపడే హెడ్మాస్టరును రేషను కార్డు గురించి అడిగి చూడు. ‘ఒక పొయ్యి మీద వండుకుంటుంటే ఒక కార్డు ఇవ్వరా ఏమిటి’ అంటాడు. ఒకే మనిషి పూటలో రెండు రకాలుగా మాట్లాడతాడు, రెండూ మనసులోంచే వస్తాయి. ఆ రెండో మాట కూడా రాసుకో.

నీ జంట గురించి నాకు పెద్ద ఫిర్యాదే ఉంది. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరూ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కాఫీ షాపు, అద్దాల కిటికీ. ఇది పట్టణాల్లోని ఉన్నత వర్గాల గొడవ అని కేంద్రం ఆ కేసులో వాదించింది. నీ కథ తెలియకుండానే ఆ వాదనకు వత్తాసు పలికింది. దానికి చంద్రచూడ్ తన తీర్పులో, ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగస్థుడే కాదు, పల్లెలో పొలం పని చేసుకునే స్త్రీ కూడా కావచ్చని జవాబిచ్చారు. ఆ స్త్రీ ఎక్కడుందో నేను చెప్పనా? చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి. తోతాపురి కాపు వచ్చే జూన్, జూలై నెలల్లో షిఫ్టుల మీద ఆడవాళ్ళు అక్కడ కాయలు కోస్తారు. సొన అంటుకొని వేళ్ళు నల్లగా అయిపోతాయి, సబ్బుకు పోదు. ఆటోలో ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతూ ఇంటికి వస్తారు. ఆ ఆటోలో ఇద్దరిని కూర్చోబెట్టు. వాళ్ళకు తీర్పు ఎవరు చెబుతారు, ఏ మాటల్లో చెబుతారు, సగం విని ఏమనుకుంటారు, అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఇంకో సంగతి. మనవాళ్ళ స్పందన అంతా టీకొట్లలో, పేపర్లలో ఉందనుకుంటే పొరపాటు. పోలీస్ స్టేషన్లో కూడా ఉంటుంది. 2024 డిసెంబరులో మన హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకుపోయి ఇంట్లో పెట్టాడు. రెండో అమ్మాయి, నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. ఆ అమ్మాయి మేజరు, తనకు నచ్చిన వాళ్ళతో ఉండవచ్చు అని కోర్టు తేల్చింది. అంతకంటే దగ్గరిది 2025 మే నెలలో మద్రాసు హైకోర్టు ఇచ్చింది. చిత్తూరు నుంచి బస్సెక్కితే ఎంతో దూరం కాని గుడియాత్తం పోలీసుల పేరు కూడా ఆ కేసులో ఉంది. అదీ ఇటువంటి కేసే, కూతురు చెడు సావాసం పట్టిందన్నది తల్లి గోడు. న్యాయమూర్తులు ఆ అమ్మాయినే పిలిచి మాట్లాడారు, ఆమె ఇష్టం ప్రకారం వెళ్ళనిచ్చారు, సకాలంలో స్పందించని పోలీసులను తప్పుపట్టారు. సుప్రీంకోర్టు పెళ్ళికి ఒప్పుకోకపోయినా, కుటుంబం ఏర్పడటానికి పెళ్ళి ఒక్కటే దారి కాదని రాశారు. ఢిల్లీలో ‘కాదు’ అన్న తీర్పు మన పక్కకు వచ్చేసరికి ‘కానీ’ అయింది. ఆ స్టేషన్ బెంచీ మీద కూర్చున్న మేనమామను, కాగితం తోసేసే రైటరును రాయగలిగితే నీకు టీకొట్టుతో పనే ఉండదు.

నాలుగో పేజీలో పురోహితుడికి జవాబుగా కాలేజీ కుర్రాడు గంగ జాతరను, మోహినీ అవతారాన్ని లాక్కొస్తాడు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టరా, బ్రహ్మోత్సవాల అయిదో రోజున స్వామి మోహినిగా ఊరేగడా అంటాడు. ఈ వాదన అందరికీ ఇష్టం. నాకూ ఒకప్పుడు ముచ్చటగానే ఉండేది. కానీ జాతరలో వేషం కట్టినవాడు మొక్కు తీర్చుకొని, స్నానం చేసి, చొక్కా వేసుకొని పనికి వెళతాడు. వీధి వీధంతా అతనికి దండం పెడుతుంది. జీవితమంతా అలాగే ఉన్న మనిషికి అదే వీధిలో ఇల్లు అద్దెకు దొరకదు. ఆ కుర్రాడి చేత ఉపన్యాసం మాన్పించి, జాతర నెలలో అద్దె ఇల్లు వెతుక్కుంటున్న ఒక మనిషిని ఆ వీధిలో నడిపించు. పురోహితుడికి జవాబు చెప్పాలో వద్దో పాఠకుడు చూసుకుంటాడు.

పూలమ్మే ఆవిడ మాత్రం బాగుంది. ‘ఎవరి పెళ్ళయినా మూర ధర మారదు కదా’ అన్న ఆ ఒక్క మాట ఉంచు, తక్కినవి కొట్టెయ్. చివర ఇద్దరూ చేతులు పట్టుకొని కపిలతీర్థం జలపాతం కింద తడవడం కూడా తీసెయ్. రేపు సినిమా వాళ్ళు అడిగితే అప్పుడు చూద్దాం.

తీర్పు నీకు దొరుకుతుంది, సుప్రీంకోర్టు వాళ్ళే పెట్టారు. పెద్దది, మొత్తం చదవమని అనను. చంద్రచూడ్‌ది, భట్‌ది పక్కపక్కన పెట్టుకొని చదువు. నీకు నచ్చని వైపు వాళ్ళు రాసినదే ముందు చదువు. ఆ తర్వాత కథ జోలికి వెళ్ళు. తిరగరాశాక పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీయించు. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి