విడాకులు కోర్టులో అయ్యాయి, పాలసీ బాండు మీద కాలేదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. 41 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 38 వేలు చేతికొస్తాయి. విడాకులై రెండేళ్లయింది, భరణం ఒకేసారి ఇచ్చేశాను. పదకొండేళ్ల పాప వాళ్లమ్మ దగ్గర ఉంటుంది. వచ్చే నెల మళ్లీ పెళ్లి. కాబోయే భార్యకు మొదటి పెళ్లి ద్వారా ఎనిమిదేళ్ల బాబు. మా అమ్మ నాతోనే ఉంటుంది. నేను కొన్న ఇల్లు 18 లక్షలు చేస్తుంది, పాతపట్నంలో అరెకరం పొలం ఉంది. ఇల్లు కాబోయే భార్య పేరున రాద్దామనుకుంటున్నాను. రిజిస్ట్రేషన్‌కీ పెళ్లికీ కలిపి 6 లక్షలు నూటికి రెండు వడ్డీకి తేవచ్చా?

జవాబు: వద్దు. నూటికి రెండంటే నెలకు 12 వేలు వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. జీతంలో మూడో వంతు షావుకారుకిచ్చి కొత్త కాపురం మొదలుపెడతారా? పెళ్లి గుడిలో చేసుకుని నలుగురికి భోజనం పెట్టండి, చాలు.

మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది అప్పు గురించి కాదు. మీరు పంపిన బాండు ఫొటో చూశాను. 2012 నాటి 3 లక్షల పాలసీ. నామినీ గడిలో ఇప్పటికీ మొదటి భార్య పేరే ఉంది. తీర్పు రాగానే పేర్లన్నీ వాటంతటవే మారిపోతాయని చాలామంది అనుకుంటారు. మారవు. రేపు మీకేమైనా అయితే బీమా కంపెనీ ఆ గడి చూస్తుంది, మీ తీర్పు కాపీ కాదు. ఈ వారమే మార్చండి. పెళ్లయ్యాక పీఎఫ్‌లో ఈ-నామినేషన్ కొత్తగా చేయండి. బ్యాంకులో ఇప్పుడు నలుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు, కానీ అక్కడ నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదు.

ఇక ఇల్లు. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకి, కొత్త భార్యకి, పాపకి తలా 6 లక్షల వాటా. భరణం ఇచ్చేశాం కదా అంటే కుదరదు. తెగింది భార్యాభర్తల బంధం, పాప హక్కు కాదు. బాబుకి మాత్రం, చట్టప్రకారం దత్తత తీసుకోకపోతే, మీ ఆస్తిలో ఏమీ రాదు.

ఆమె పేరున రాసేశారనుకుందాం. రిజిస్టరైన గిఫ్ట్ డీడ్‌ని, అంటే దానపత్రాన్ని, వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. ఆ తర్వాత ఆమె వీలునామా రాయకుండా పోతే ఇల్లు మీకూ బాబుకీ చెరిసగం. అప్పటికి మీరూ లేకపోతే మొత్తం బాబుకే. మీ పాప ఆ లెక్కలోనే లేదు, మీ అమ్మా లేదు. అందుకోసమా 6 లక్షల అప్పు?

నన్నడిగితే మీ ఇంట్లో కొరత ఆస్తికి కాదు, బీమాకి. మీ జీతం మీద నలుగురున్నారు. కంపెనీ గ్రూప్ బీమా అంటారా, ఉద్యోగం మానిన రోజున అది ఉండదు. పెళ్లి కాగానే రెండు టర్మ్ పాలసీలు, అంటే మీకేమైనా అయితేనే డబ్బొచ్చే బీమా, తీసుకోండి. 50 లక్షలది భార్య కోసం, బాబు చదువూ అందులోంచే. 25 లక్షలది పాపకి, 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద. ఆ చట్టం కింద ఇచ్చే ఫారం పాలసీ తీసుకునేటప్పుడే నింపాలి. అలా తీసుకుంటే ఆ సొమ్ము మీ అప్పులవాళ్ల చేతికి చిక్కదు. రేపు ఎవరి ఒత్తిడితోనో మనసు మారినా పాప పేరు తీసేయలేరు, నాకు నచ్చేది అదే. ట్రస్టీగా, అంటే పాప తరఫున ఆ డబ్బు చూసుకోవడానికి, రెండు ఇళ్లతోనూ మాటలున్న మనిషిని పెట్టండి. ఆరోగ్యం బాగుంటే రెండింటి ఏడాది ప్రీమియం మీరు కట్టబోయిన రెండు మూడు నెలల వడ్డీలో సరిపోతుంది. బీపీ ఉంటే, సిగరెట్ తాగితే ఫారంలో దాచకండి. క్లెయిమ్ ఆగిపోయేది అక్కడే.

మూడు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచండి, దాని గురించి వేరే చెప్పను.

వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు కావాలి, వాటా లేనివాళ్లయితే మంచిది. ఇంట్లో అమ్మకీ భార్యకీ బతికున్నంతకాలం ఉండే హక్కు, తర్వాత ఇల్లు ఇద్దరు పిల్లలకీ అని రాయొచ్చు. ఇల్లు ఒడిశాలో, పొలం ఆంధ్రలో ఉన్నా ఒక్క వీలునామా చాలు, వివరాలు మాత్రం విడివిడిగా రాయండి. తెలుగులో రాసినా చెల్లుతుంది. పర్లాకిమిడిలో మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కోసం ఒడియా అనువాదం కూడా జతచేసి ఉంచితే మీవాళ్లకి తిప్పలు తప్పుతాయి. ఇంతకుముందు వీలునామా రాసి ఉంటే, పెళ్లి చేసుకున్నంత మాత్రాన అది రద్దు కాదు.

ఆమె పాలసీల్లో, ఖాతాల్లో నామినీ ఎవరో కూడా అడగండి. మొహమాటంగానే ఉంటుంది. ముందు మీ బాండు ఆమెకు చూపించి, ఆ తర్వాత అడగండి.